పేరు రాసి పెట్టు

అమ్మకానికి వచ్చిన పాత గ్రామఫోన్ రికార్డు మీద, అమ్మేవాడి చేతే వాడి పేరు రాయించుకున్న దుకాణదారు ఈ భూమ్మీద ఒక్కడే ఉండేవాడు. అతనే మా పక్క కొట్టు ఆర్వో లేటినెన్. అట్ట మీద ఎవరి పేరైనా గీకి ఉంటే రికార్డు విలువ సగానికి పడిపోతుందని ఆ వ్యాపారంలో అందరికీ తెలుసు. ఆర్వోకీ తెలుసు. అయినా చొక్కా జేబులోంచి బాల్‌పెన్ను తీసి, "పేరు రాసి పెట్టు" అనేవాడు. రాయనంటే కొనేవాడు కాదు.

నాది పాత పుస్తకాల కొట్టు. మా ఇద్దరికీ మధ్య పలకల సందుల్లోంచి అవతలి కొట్టు కనపడే ఒక్క చెక్క గోడ. అది ఎంత పల్చనిదంటే, అతని కొట్లో ఎవరైనా తుమ్మితే నేను ఇవతల నుంచి "నూరేళ్ళు" అనేదాన్ని. అమెరికాలో, ఉత్తర మిన్నెసోటాలో ఇనప గనుల ఊరు మాది. చలికాలం పొడుగు, కొనేవాళ్ళు తక్కువ. చదువుకుంటూ కూర్చున్న నాకు గోడ అవతలి మాటలు విని విని ఒక సంగతి తెలిసింది. పాతికేళ్ళు నిండేలోపు మనిషి మార్చినన్ని పాటలు, చొక్కాలు కూడా మార్చడు.

డోరీన్ అనే పిల్ల ఒకరోజు బుగ్గల కుర్రాడొకడి పాటల రికార్డు తెచ్చి బల్ల మీద పడేసింది.

"ఇది తీసేసుకోండి. ఇంట్లో ఉంటే సిగ్గేస్తోంది."

"నిరుడు దీనికోసమే కదూ, నేను కొట్టు తెరవకముందే వచ్చి మంచులో నిలబడ్డావు?"

"అప్పుడు చిన్నపిల్లని."

"ఇప్పుడో?"

"పధ్నాలుగు."

ఆర్వో వంగి ఆమె చెవి వైపు చూశాడు. "ఇంకా మొలవలేదు. పేరు రాసి పెట్టు."

మొలవాల్సింది చెవుల్లో వెంట్రుకలు. అతని చెవుల్లో అవి చీపురుకట్టల్లా ఉండేవి. గడ్డం వస్తే మగవాడవుతాడు గానీ, చెవుల్లో వెంట్రుకలు వస్తేనే వినేవాడవుతాడని ఆర్వో సిద్ధాంతం.

"మరి ఆడవాళ్ళ సంగతేమిటి?" అని ఇవతల నుంచి అరిచాను.

"మీకు లోపలివైపు మొలుస్తాయి, ఇర్మా. అందుకే గోడల్లోంచి కూడా వింటారు."

రూడీ కోచెవార్ మొదటిసారి వచ్చినప్పుడు వాడికి పదహారేళ్ళు. తెచ్చింది పోల్కా అనే పాతకాలపు డాన్సు పాటల రికార్డు. అట్ట మీద, తిత్తి పిసికి వాయించే అకార్డియన్ మెడకేసుకుని నవ్వుతున్న మనిషి వాడి తండ్రి మ్యాట్. వారమంతా గనిలో పనిచేసి, శనివారాలు పెళ్ళిళ్ళలో వాయించేవాడు. అతని బ్యాండు వాళ్ళు తలా కాస్తా వేసుకుని జన్మకి ఒక్క రికార్డు చేయించుకున్నారు. రూడీకి ఇప్పుడు దాని బదులు పుర్రె బొమ్మ ఉన్న గిటార్ల రికార్డు కావాలి.

"ఈయన మీ నాన్న కదురా?"

"అవును. ఇవే ఇంకా పెట్టెడున్నాయి ఇంట్లో. రోజూ ఆయనే వాయిస్తాడు, చాలదన్నట్టు రికార్డు కూడానా? నా స్నేహితులు ఇంటికొస్తే తలెత్తుకోలేక చస్తున్నాను."

"అంత బాగోదా?"

"బాతుల్ని పిసికినట్టుంటుంది."

"పేరు రాసి పెట్టు."

"నాన్న పేరా?"

"ఆయన అమ్ముతున్నాడా? నీ పేరే."

వాడు అట్ట మీద తండ్రి బూట్ల దగ్గర చీమ తలకాయంత అక్షరాలతో రాశాడు. ఆర్వో వాడి చెవిలోకి చూసి, "కోడిగుడ్డులా నున్నగా ఉంది" అని నిట్టూర్చాడు.

ఇంతకీ పేర్లు రాసిన రికార్డులు ఏమయ్యేవి? కొట్లో ఏ అరలోనూ కనపడేవి కావు. ఆఖరి పేజీ చింపేసిన నవల చేతికిచ్చినట్టుండేది నాకు. ఒకసారి అడిగితే, "చేపల్లాగా ఉప్పులో ఊరేశాను" అన్నాడు. ఇంకోసారి, "దుప్పుల వేటకి ముందు గురి చూసుకోవడానికి" అన్నాడు. ఇంటికప్పు కారుతుంటే కింద పరిచి ఉంటాడని మా ఆయన వాల్ట్ అభిప్రాయం.

వాల్ట్‌కి ఆర్వో మీద కోపానికి వేరే కారణం ఉంది. మా ఊళ్ళో ఫిన్లండ్ సంతతి వాళ్ళ ఇంట్లో వంటపొయ్యి లేకపోయినా సౌనా ఉంటుంది. శనివారం సాయంత్రం ఆ చెక్కగదిలో పొయ్యి రాజేసి, ఆవిరి పట్టకపోతే వారం గడిచినట్టు కాదు. ఆర్వో పెరట్లోనూ తండ్రి కట్టిన సౌనా ఒకటుంది. దాని గొట్టంలోంచి పొగ రాగా చూసినవాడు లేడు. శనివారం వచ్చిందంటే తువ్వాలు చంకన పెట్టుకుని ఎవరో ఒకరి తలుపు తట్టేవాడు.

"మీ సౌనా వేడెక్కిందా?"

"ఆ మిగిల్చిన కట్టెలు పోయేటప్పుడు కట్టుకుపోతాడా?" అని వాల్ట్ గొణిగేవాడు. గొణుగుతూనే పై బల్ల మీద చోటిచ్చేవాడు.

ఏళ్ళు గడిచాయి. రూడీ పుర్రెల గిటార్లు అమ్మి, గుసగుసగా పాడే ఒకావిడని కొన్నాడు. ఆమెని అమ్మి, మాటల్లేని జాజ్‌లో పడ్డాడు. పెళ్ళయిన ఏడాది అన్నీ ఏడుపు పాటలే కొన్నాడు, మేం కారణం అడగలేదు. వచ్చిన ప్రతిసారీ, "ఇదే అసలు సంగీతం, ఆర్వో గారూ, ఇన్నాళ్ళూ నాకు తెలియలేదు" అనేవాడు. ఆర్వో ప్రతిసారీ చెవి చూసి, తల అడ్డంగా ఊపి, పెన్ను అందించేవాడు. నేనూ ఊరుకోక ఆలోచించేదాన్ని. వదిలేసిన పాట మనిషిలోంచి నిజంగా పోతుందా, లేక లోపల ఏ మూలో కూర్చుని ఉంటుందా?

రూడీకి యాభై దగ్గర పడ్డాక ఒక గురువారం వచ్చాడు. చేతిలో రికార్డు లేదు. టోపీ నలుపుతూ నిలబడ్డాడు.

"ఎల్లుండి నాన్నకి ఎనభై, ఆర్వో గారూ. హాల్లో డాన్సు పెట్టాం. వేళ్ళు వంకర్లుపోయి ఇప్పుడాయన వాయించలేడు. ఏం కావాలి నాన్నా అంటే, మా బ్యాండు రికార్డు ఒక్కసారి వెయ్యండి చాలు అన్నాడు."

"వెయ్యండి మరి."

"అమ్మ ఆ పెట్టెని ఇల్లు వెచ్చబెట్టే పొయ్యి పక్కన పెట్టింది. అన్నీ చిప్పల్లా వంగిపోయాయి. బ్యాండు వాళ్ళ పిల్లల్ని కూడా అడిగాను, ఎవరి దగ్గరా లేదు. ఎప్పుడో నేను మీకొకటి..."

"బాతుల రికార్డేనా?"

రూడీ మెడ దాకా ఎర్రబడ్డాడు. "మొన్న రేడియోలో ఎక్కడో అకార్డియన్ వినపడితే కారు పక్కకి తీసి ఆపేశాను. ఎందుకు ఆపానో నాకే తెలీదు. ఎవరికి అమ్మారో చెప్పండి చాలు. వెళ్ళి కాళ్ళ మీద పడైనా తెచ్చుకుంటాను."

ఆర్వో రికార్డు సూదుల్ని పరీక్షించే చిన్న టార్చి తీసి, రూడీ తల పక్కకి తిప్పి, చెవిలోకి వెలుతురు వేశాడు.

"మొలిచాయి" అన్నాడు తృప్తిగా. "కోటేసుకో. ఇర్మా, గోడకి అంటుకుని నిలబడింది చాలు, నువ్వూ రా."

తీసుకెళ్ళింది తన పెరట్లోకి. సౌనా తలుపు తెరిస్తే లోపల చల్లగా, పొడిగా ఉంది. మనుషులు కూర్చోవలసిన బల్లల మీద, కింద, పొయ్యి చుట్టూ, అట్టకి అట్ట ఆనించి రికార్డులు. ప్రతి దాని మీదా ఒక పేరు. మా ఊరి యవ్వనమంతా అక్కడ బుద్ధిగా నిలబడి ఉంది. డోరీన్ వదిలేసిన బుగ్గల కుర్రాడు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. నా పేరు కూడా ఒకదాని మీద కనపడింది. పాట ఏదో చెప్పను.

"పొయ్యి వెలిగిస్తే ఇవన్నీ వంగిపోవూ?" అన్నాడు ఆర్వో, దొంగతనం బయటపడినట్టు నేల చూస్తూ.

"అందుకని ఇన్నేళ్ళూ మా కట్టెలు కాల్చావా?"

"ఏం చెయ్యను, ఇర్మా? వీళ్ళు చెవులు పండాక వస్తారు. వచ్చేసరికి లేకపోతే?"

"అది సరే, పేరెందుకు రాయించడం? నీకెలాగూ గుర్తుంటుంది కదా."

"ఎల్లుండి హాలుకి రా" అన్నాడు.

వెళ్ళాను. మ్యాట్ పెద్దాయనని ముందు వరసలో కూర్చోబెట్టారు. రూడీ అట్ట తెచ్చి ఒళ్ళో పెట్టాడు. ఆయన చాలాసేపు తన పాత మొహం చూసుకున్నాడు. బ్యాండు వాళ్ళని ఒక్కొక్కరినీ వేలితో తడుముతూ వచ్చి, బూట్ల దగ్గర ఆగి, కళ్ళద్దాలు పైకి జరిపాడు.

"నా రికార్డు మీద వీడి పేరుందేమిటి?"

రూడీ నిజం చెప్పడానికి నోరు తెరిచాడు. ఆర్వో బూటు వాడి పాదం మీద పడింది.

"పదహారేళ్ళప్పుడు రాసుకున్నాడు, మ్యాట్. స్నేహితులెవరూ ఎత్తుకుపోకుండా నా దగ్గర దాచుకున్నాడు. నిన్నగాక మొన్న వచ్చి అడిగితే ఇచ్చాను."

"పదహారేళ్ళప్పుడా? నేను వాయించడం మొదలుపెడితే దడాలున తలుపేసుకునేవాడు."

"ఆ వయసులో ఎదురుగా కూర్చుని వింటారా ఎవరైనా?"

పెద్దాయన ఆ చీమ తలకాయ అక్షరాల్ని మళ్ళీ చూశాడు. పిల్లలు పేరు రాసుకునేది పోకూడదనుకున్న వస్తువు మీదేనని ఏ తండ్రికి తెలియదు? కొడుకు మోచెయ్యి పట్టుకుని పక్క కుర్చీలో కూలేశాడు.

"చెప్పొచ్చు కదురా, వెధవా."

రికార్డు తిరగడం మొదలైంది. చెక్క నేల అదిరింది. పెద్దాయన వంకర వేళ్ళు ఖాళీ ఒళ్ళో మీటలు నొక్కుతూనే ఉన్నాయి. రూడీ కాలు నేల మీద తాళం వేస్తోంది, ఆర్వో తొక్కిన కాలే.

రెండో వైపు తిప్పడానికి లేచినప్పుడు రూడీ మా దగ్గరికి వచ్చాడు. "మీకేమివ్వమంటారు, ఆర్వో గారూ?"

"ఇన్నేళ్ళు దాచాను కదా. అద్దె ఇవ్వు."

"ఎంతో చెప్పండి."

ఆర్వో గోడ గడియారం చూశాడు. శనివారం సాయంత్రం. కోటు కింద చంకలోంచి తువ్వాలు అంచు అప్పటికే బయటికి వేలాడుతోంది.

"మీ ఇంట్లో సౌనా వేడెక్కిందా?"