దగ్గే ఖాజీ

మా నాన్న బహ్గత్ సర్హాన్ పేరు చెబితే కైరోలో ఎవరికీ తెలియదు. "సినిమాల్లో దగ్గే ఖాజీ" అంటే మాత్రం టీ కొట్టువాడు కూడా నవ్వేవాడు. ఆయన పోయాక నలభయ్యో రోజు ఇంకా రాలేదు. ఏడుపు రావడం లేదు. గుర్తున్నది గుర్తున్నట్టు రాస్తున్నాను.

ఆ రోజుల్లో సినిమాలన్నీ పెళ్లితోనే ముగిసేవి. నాన్న మేముండే షుబ్రా పేట నుంచి ట్రాములో స్టూడియోకు వెళ్లేవాడు. తలపాగా చుట్టుకుని, పెళ్లికూతురి తండ్రి చేతిలో పెళ్లికొడుకు చెయ్యి పెట్టి, పైన తెల్ల రుమాలు కప్పి, నిఖా మాటలు చెప్పించేవాడు. అదే ఆయన వేషం.

మొదటి సినిమాకు ముందు మా వీధి మసీదు షేకు బెదరగొట్టాడట.

"ఒరే బహ్గత్, ఆ మాటలు నవ్వులాటకి అన్నా నిఖా అయిపోతుందిరా. ఎవడి పెళ్లాన్నో ఇంకొకడికి కట్టబెట్టకు."

అందుకని "అల్లా ఆజ్ఞ ప్రకారం, ప్రవక్త పద్ధతి ప్రకారం" అనాల్సిన చోట నాన్న దగ్గేశాడు. డైరెక్టరు పడీ పడీ నవ్వాడు. హాల్లో జనమూ నవ్వారు. ఇక ప్రతి సినిమాలోనూ అక్కడ దగ్గే. వేరే వేషం అడిగితే, "నువ్వు దగ్గితే చాలయ్యా, నటించడానికి వేరేవాళ్లున్నారు" అనేవారు.

నా పెళ్లి కుదిరినప్పుడు ఒక్కటే అడిగాడు. "నా కూతురు ఇన్సాఫ్‌ని నా నోటితో నేనే ఇస్తాను. ఒక్కసారి నిజంగా."

తాంతా ఊళ్లో బట్టల కొట్టున్న మా మామగారు హాజీ గునైమ్ మొహం చిట్లించాడు. "ఇది పెళ్లి. సినిమా కాదు."

నాన్న అద్దం ముందు నిలబడి సాధన చేశాడు. అక్కడ ఆ మాటలు గడగడా వచ్చేవి.

పెళ్లినాడు నేను ఆడవాళ్లతో పక్కగదిలో కూర్చున్నాను. తలుపు తీసే ఉంది. నిజం ఖాజీ మాటలు అందిస్తున్నాడు, నాన్న అంటున్నాడు. ఆ చోటికి రాగానే దగ్గు వచ్చింది. ఇల్లంతా గొల్లున నవ్వింది.

"మళ్లీ అనండి, బహ్గత్ గారూ," అన్నాడు ఖాజీ.

మళ్లీ అదే దగ్గు.

"టికెట్టు లేకుండా చూపిస్తున్నాడ్రోయ్!" అని ఎవరో అరిచారు.

హాజీ గునైమ్ లేచి చెప్పులు వెతుక్కుంటున్నాడు. "లేరా మమ్దూహ్. నలుగురిలో నవ్వులపాలు చేశాడు," అన్నాడు పెళ్లికొడుకుతో.

నాన్న రుమాలు కింద నుంచి చెయ్యి తీసేసుకున్నాడు. తమ్ముణ్ణి పిలిచాడు.

"రాగిబ్, నా బదులు నువ్వు చెప్పు."

"నేనా అన్నయ్యా? నలుగురిలో నాకు నోరే పెగలదు."

"పరవాలేదు. నిన్ను చూసి ఎవరూ నవ్వరు."

బాబాయి తడబడుతూనే అన్నీ చెప్పాడు. నిజంగానే ఎవరూ నవ్వలేదు. పెళ్లయిపోయింది. ఆడవాళ్లు సంబరంగా గొంతెత్తి కూతలు పెట్టారు.

నాన్న షర్బత్ గ్లాసు తెచ్చి నా చేతికిచ్చాడు.

"కోపమొచ్చిందా?"

"లేదు నాన్నా."

"నాకూ ఏమీ అనిపించడం లేదు. తాగు, చల్లదనం పోతుంది."

కొన్నాళ్లకు పుట్టింటికి వెళితే, మళ్లీ ఖాజీ వేషానికి స్టూడియో నుంచి కబురొచ్చి నాన్న వెళ్లాడని అమ్మ చెప్పింది. సాయంత్రం వచ్చాడు.

"ఎలా జరిగింది నాన్నా?"

"నవ్వారు," అన్నాడు, బూట్లు విప్పుకుంటూ.