నాన్న పేక కలిపిన సాయంత్రం

తొంభైల చివర, ఒరిస్సాలోని దామంజోడిలో టీచరుగా చేరిన రెండో ఏడు, టౌన్‌షిప్ క్లబ్బు వార్షికోత్సవంలో పేకముక్కల మ్యాజిక్కు చేస్తానని ఒప్పుకున్నాను. ఇంట్లో తెలియదు. రాయగడలో బట్టల కొట్టు నడిపే మా నాన్న పేక పట్టిన మనిషిని గుమ్మం తొక్కనిచ్చేవారు కాదు. అలాంటిది, నన్ను చూసి పోదామని ఊరి నుంచి వచ్చిన ఆయన నేరుగా హాల్లోకి వచ్చి రెండో వరసలో కూర్చున్నారు. నేను వేదిక ఎక్కాక చూశాను.

"ఎవరైనా ఒకరు రండి" అన్నాను. ఆయనెవరో తెలియని పక్కవాళ్లు "ఆసంతు ఆజ్ఞా", రండి సార్, అంటూ ఒడియాలో మర్యాద చేసి నాన్ననే లేపి పంపారు.

కిటుకు చిన్నదే. పేకలో అడుగు ముక్కను దొంగచాటుగా చూసి పెట్టుకుంటాను. ఎదుటివాళ్లు తీసిన ముక్కను పైన పెట్టించి, పేక కోసి కింది సగం పైకి చేరిస్తే, నాకు తెలిసిన ముక్క దాని పక్కకు చేరుతుంది. ఆ తర్వాత ఎవరూ కలపకూడదు.

నాన్న ఒక ముక్క తీసి చూసి పైన పెట్టారు. నేను కోసి బల్లమీద ఉంచాను. ఆయన పేక అందుకుని "కలిపీమంటావా?" అంటూనే రెండు సగాలు చేసి జలజలా కలిపేశారు. మూడుసార్లు. ఆ చేతులు పేకకు కొత్తవి కావు.

పేక తీసుకుని విప్పి చూస్తే, నా గుర్తు ముక్క పక్కన ఇస్పేటు ఏడు కనిపించింది. గుడ్డి ధైర్యంతో పైకెత్తాను.

"ఇదేనా?"

"కాదమ్మి."

హాలంతా నవ్వింది. ఎలాగో నవ్వి, పేక ఆయనకే ఇచ్చాను.

"ఒక్కోటీ తిరగేసి ఎయ్యు నాన్నా. నీ ముక్కొచ్చినా ఆగకు, ఏటీ అనకు."

బేరానికి ఒప్పుకోబోయే ముందు నాన్న బొటనవేలు బట్ట అంచును ఓసారి రుద్దుతుంది. చిన్నప్పటినుంచీ కొట్లో చూస్తున్నదే. ఇప్పుడా వేలొక్కటే చూస్తూ నిలబడ్డాను. పది ముక్కలు పడ్డాయి. ఇరవై. డైమండ్ రాణి అంచుమీద వేలు కదిలిందా, లేక నేనే అనుకున్నానా? మరో నాలుగు వెయ్యనిచ్చాను. ఇక ఆగలేక డైమండ్ రాణిని వెనక్కి లాగాను.

నాన్న దాన్ని నా చేతిలోంచి అందుకున్నారు.

"ఇదే" అన్నారు.

చప్పట్లు మోగాయి.

బయట వరండాలో అడిగారు: "ఎలా కనిపెట్టేవు?"

"సెప్పకూడదు. నువ్వు కలపడం ఎక్కడ నేర్చేవు?"

ఆయన రోడ్డువైపు తిరిగారు. "మాచ్‌ఖండ్‌లో, మా మావ క్వార్టర్లో. పెళ్లికి ముందు. ఆటలో పడి మూడ్రోజులు కొట్టు తియ్యలేదు. మీ తాత తాళాలు లాగీసుకున్నాడు. ఆరోజే మానీసేను."

ఆ తర్వాత ఆట మార్చాను. ముందే ఎదుటివాళ్లచేత కలిపించి, అప్పుడు అడుగు ముక్క చూస్తాను. తీసిన ముక్క లోపలికి చేరాక మాత్రం పేకను నా చేయి దాటనివ్వను.

నాన్న ఆ సాయంత్రం గురించి అమ్మకు ఎప్పుడూ చెప్పలేదు.