ప్రెషర్ శేషన్న

రాచర్ల మండలంలో బోరు ఎండిపోయిన రైతు ఎవరినడిగినా ఆదిశేషు ఫోన్ నంబరు చెబుతారు. పేరు మాత్రం ప్రెషర్ శేషన్న అంటారు. ప్యాకర్ అనే లావుపాటి రబ్బరు బిరడాను బోరులోకి దించి, రాతి మధ్య బిగించి, దాని కిందికి పంపుతో గట్టిగా నీళ్లు కొట్టడం ఆయన పని. లోపల రాయి నెర్రెలిచ్చి ఎక్కడో దాగిన ఊట తగిలితే బోరు బతుకుతుంది. తగలకపోతే లేదు. ఇరవై రెండేళ్లుగా ఇదే చేస్తున్నాడు, మధ్యలో పద్నాలుగు నెలలు తప్ప.

ఆయన తండ్రి యల్లయ్య గొర్రెలు కాసేవాడు. ఆదిశేషు పదో తరగతి తప్పాక మార్కాపురం పలకల క్వారీలో రెండేళ్లు పనిచేశాడు. రాయి మనం కోరిన చోట విడిపోదని, దాని పొర ఉన్న చోటే విడిపోతుందని అక్కడ తెలిసింది. తర్వాత బోరు లారీ ఎక్కాడు.

గిద్దలూరు దగ్గర ఒక బత్తాయి తోటలో పనిచేస్తున్నప్పుడు ప్రభాకరరావు ఆయన్ని చూశాడు. తోట ప్రభాకరరావు బావమరిదిది. ప్రభాకరరావేమో ఒక చమురు కంపెనీలో పెద్ద ఆఫీసరు. కంపెనీ పుట్టి ఎనిమిదేళ్లు. గుజరాత్‌లో దానికి నాలుగు చమురు బావులు. నూనె గట్టి రాతిలో ఇరుక్కుపోయి ఉండటంతో, రాయి పగలగొట్టాల్సి వచ్చినప్పుడల్లా విదేశీ కంపెనీ వాళ్లను పిలిచేవారు. వాళ్లు తమకు తీరికైనప్పుడు వచ్చి, ఏం చేశారో చెప్పకుండా వెళ్లిపోయేవారు. అందుకని ఆ విద్య మనమే నేర్చుకుందామని కంపెనీ తీర్మానించింది.

ఆ ఆలోచనను ఆదిశేషు ఇప్పటికీ తప్పు పట్టడు. ఆ తర్వాత జరిగినదాన్నే ఈసడించుకుంటాడు.

"ప్యాకర్ సరిగ్గా కూర్చున్నట్టు నీకెట్ల తెలుస్తుంది?" అని ఆ రోజు ప్రభాకరరావు అడిగాడు.

"కూర్చోకపోతే బోరు మూతిలో నీళ్లు పైకొస్తాయి సార్. కొంచెం కొంచెం వస్తాయి. చూస్తా ఉండాల."

ఆ జవాబు ప్రభాకరరావుకు తెగ నచ్చింది. నెల తిరక్కుండా ఆదిశేషు గుజరాత్‌లో ఉన్నాడు.

అక్కడికి పంపులు రావడానికి ముందే టోపీలు వచ్చాయి. వాటిమీద 'మన నైపుణ్యం' అని హిందీలో, ఇంగ్లీషులో ఉంది. పంపులు మూడు నెలలు ఆలస్యంగా వచ్చాయి, అవీ సెకండ్ హ్యాండువి. ఈలోగా రోజూ తరగతులు. నూనెబావి దగ్గరకు ఒక్కసారి కూడా వెళ్లని మనుషులు తెరమీద రాతి బొమ్మలు వేసి, నెర్రె ఇటు తిరుగుతుంది, అటు ఆగుతుంది అని చేయి తిరిగిన వంటవాళ్లలా చెప్పేవారు. ఆదిశేషు వెనక వరసలో కూర్చునేవాడు. ఒకసారి లేచి, "పొర ఎటుందో ఎవరు చూసినారు సార్?" అన్నాడు. అందరూ నవ్వారు. అర్థమై నవ్వినవాళ్లు కారు.

అక్కడ ఆయన మాట విన్న మనిషి పద్మజ ఒక్కతే. కంప్యూటర్లున్న వ్యానులో కూర్చుని ప్రెషర్ లెక్కలు చూసే ఇంజనీరు, ఒంగోలు అమ్మాయి. ఆయన చెప్పింది నోటు పుస్తకంలో రాసుకునేది. రాసుకోవడం బాగానే వచ్చు ఆమెకు.

ఆయన వెళ్లిన ఏడాదికి, మొదటి బావిలో రాయి పగలగొట్టే రోజున షామియానా వేశారు. డైరెక్టర్లు, డబ్బు పెట్టినవాళ్లు, వీడియో తీసేవాళ్లు వచ్చారు. ప్రభాకరరావు కొత్త టోపీ పెట్టుకున్నాడు. పంపులు మొదలయ్యాయి. ఆదిశేషును బావి మూతి దగ్గర నిలబెట్టారు. అక్కడ పక్క గొట్టానికి ప్రెషర్ చూపే చిన్న గేజి ఉంది. ప్యాకర్ గట్టిగా పట్టి ఉంటే దాని సూది కదలకూడదు.

ఇరవై నిమిషాలకు సూది కదిలింది. ముందు ఒక గీత, తర్వాత ఇంకో రెండు.

ఆదిశేషు వాకీటాకీలో చెప్పాడు. "ప్యాకర్ కారతాంది. ఆపండి."

"ఇక్కడ స్క్రీన్ మీద బాగానే ఉంది," అన్నాడు ప్రభాకరరావు వ్యానులోంచి. "ఇది మీ రాచర్ల బోరు కాదయ్యా. కానివ్వండి."

సూది ఇంకా లేచింది. షామియానాలో జ్యూసు గ్లాసులు తిరుగుతున్నాయి. ఆదిశేషు మళ్లీ చెప్పాడు. పంపులు ఆగలేదు. ఆయన నడుచుకుంటూ పంపుల దగ్గరకు పోయి ఎర్ర మీట నొక్కాడు. మోత అంతా ఆగిపోయింది.

ప్రభాకరరావు పరిగెత్తుకొచ్చాడు. "ఎవరిని అడిగి ఆపావు? వాళ్లందరి ముందు నా పరువు తీశావు!"

"పరువు మళ్లీ వస్తాది సార్. గొట్టం పేలితే మనుషులు రారు."

ఆ సాయంత్రమే ఆయన్ని గదికి పంపేశారు. మూడు రోజుల తర్వాత ప్యాకర్ పైకి తీస్తే దాని రబ్బరు ఒక పక్కంతా చీలికలు పేలికలై ఉంది. వ్యానులో స్క్రీన్‌కు పక్క గొట్టం ప్రెషర్ చూపే తీగ అసలు కలపనే లేదు. ఇంకో పది నిమిషాలు కొట్టి ఉంటే ఏమయ్యేదో ఎవరూ పైకి అనలేదు.

వారానికి రిపోర్టు వచ్చింది. కంట్రోల్ వ్యానులోని బృందం లోపాన్ని సకాలంలో గుర్తించి పని ఆపించిందని అందులో ఉంది. కింద పద్మజ సంతకం. ఆదిశేషు కూడా సంతకం చేయాలని ప్రభాకరరావు కాగితం ముందుకు జరిపాడు.

"సంతకం పెట్టు. నిన్ను సీనియర్ ఆపరేటర్‌ను చేస్తాం."

"నేను ఆపినానని రాయండి, పెడతా."

"బృందం అంటే నువ్వూ అందులో ఉన్నట్టే కదా!"

"తిట్లు నా ఒక్కనికే పడినాయి గదా సార్. అప్పుడు లేదా బృందం?"

సంతకం పెట్టలేదు. రెండో రోజు రైలెక్కాడు. ఇంటికొచ్చాక భార్య సునీత, "ఏందయ్యా, అంత దూరం పోయి ఏం నేర్చుకున్నావు?" అంటే, "టోపీ ఎట్ల పెట్టుకోవాల్నో," అన్నాడు.

ఏడాది గడిచింది. ఒక ఉదయం గిద్దలూరులో ఆయన లారీ షెడ్డు ముందు కారు ఆగింది. పద్మజ దిగింది. కంపెనీ రెండో బావిలోనూ ప్యాకర్ జారిందట. ఆయనకు తెలిసిందంతా వీడియో తీసుకుని రమ్మని పంపారట.

"ఆ రోజు నేను వాకీటాకీలో చెప్పింది నీకు వినబడిందా లేదా?" అన్నాడు ఆదిశేషు, నిలబెట్టే.

"వినబడింది."

"మరి?"

"సార్ కానివ్వమన్నారు. నాకు ఉద్యోగం కొత్త, అన్నా."

"అబద్ధం రాసేదానికి మాత్రం కొత్త కాలేదే!"

ఆమె తల దించుకుంది. ఆయనకు జాలి కలగలేదు. కలిగిందని ఇప్పుడు చెప్పడానికి కూడా ఒప్పుకోడు. అయినా పొమ్మనలేదు. పెద్దారవీడులో పనుంది, ఫోను సంచిలో పెట్టి లారీ ఎక్కమన్నాడు.

అక్కడ కృష్ణమ్మ అనే రైతు చేలో బోరు. భర్త పోయాక రెండెకరాల మిరప ఆమే చూసుకుంటోంది. ఆదిశేషు ప్యాకర్ దించి, పద్మజను బోరు మూతి దగ్గర ఎండలో కూర్చోబెట్టాడు. నీళ్లు పైకొస్తే చెప్పమన్నాడు. మూడు లోతుల్లో మూడుసార్లు కొట్టారు. ప్యాకర్ చెక్కుచెదరలేదు. రాయి కూడా చెక్కుచెదరలేదు. మధ్యాహ్నానికి పంపు ఆపేసి కృష్ణమ్మ దగ్గరకు పోయాడు.

"రాలేదమ్మా. ఈ బోరులో లేవు."

కృష్ణమ్మ ఆయన్నీ, లారీనీ, వాళ్ల ఊరినీ కలిపి తిట్టింది. చూడ్డానికి వచ్చిన చుట్టుపక్కల రైతులంతా వింటున్నారు. ఆదిశేషు చేతులు కట్టుకుని అంతా విన్నాడు. ఆమె అలసిపోయి గట్టు మీద కూలబడ్డాక, మళ్లీ బోరు వేయొద్దని మెల్లగా చెప్పి వచ్చాడు.

"ఇంకొంచెం ప్రెషర్ పెంచి ఉంటే?" అని అడిగింది పద్మజ.

"పెంచితే పక్క చేను బోరు దాకా నెర్రె పోతాది. వాళ్ల నీళ్లు ఇటొస్తాయి. మీ కంపెనీలో అయితే దాన్ని విజయమని రాసుకుంటారు."

పద్మజ సాయంత్రం బస్సుకు వెళ్లిపోయింది. వీడియో తీయలేదు. వెళ్లేముందు, ఆ రిపోర్టు తప్పని పైవాళ్లకు రాస్తానంది. రాసిందో లేదో ఆదిశేషుకు తెలియదు, కనుక్కోనూ లేదు.

ఈమధ్య సునీత ఫోనులో ఒక వీడియో చూపించింది. ప్రభాకరరావు నీలం చొక్కాలో నిలబడి, రాయిని వినడం తమ కంపెనీ సంస్కృతి అని ఇంగ్లీషులో చెబుతున్నాడు. సునీత కొడుకును అడిగి అర్థం తెలుసుకుని మొగుడికి చెప్పింది.

"వాడు పక్కనున్న మనిషి మాట ఇననోడు," అన్నాడు ఆదిశేషు. "రాయి మాట ఇంటాడంట."

ఫోను ఆమెకిచ్చేసి, లారీ టైర్లలో గాలి చూసుకోవడానికి బయటికి పోయాడు. కనిగిరి వైపు రెండు బోర్లు చెప్పి ఉన్నారు.