దారి తప్పని బావగారి జీపీఎస్

"అదంతా ఫోనులోనే ఉంది కదండీ! మళ్ళీ డబ్బులు పోసి ఇంకో డబ్బా ఎందుకు?"

"కొండ మీద నీ ఫోనుకి టవర్ ఎవడు పాతాడే? మీ నాన్న పాతాడా?"

"మా నాన్న జోలికి రాకండి. పోయిన నెల పదకొండు మందిని తీసుకెళ్ళి కొండకి అవతల దింపింది మా నాన్న కాదు."

షాపు మెట్ల మీద మొదలైన ఈ సంభాషణ, కౌంటర్ వెనక ఉన్న తమ్ముడికి అక్షరం పొల్లుపోకుండా వినిపించింది. వినకూడదని ఒక రేడియో పెట్టి చూశాడు గానీ, అక్క గొంతు ముందు ఏ రేడియో నిలిచింది కనక. ఎలక్ట్రానిక్స్ షాపు పెట్టినప్పటి నుంచి అక్కాబావలు ఇక్కడికి వచ్చేది రెండే పనుల మీద. పాడైన వస్తువుని ఉచితంగా బాగుచేయించుకోవడానికి, బాగున్న వస్తువుని సగం ధరకి పట్టుకుపోవడానికి.

బావ లాండ్రీ వ్యాన్ నడుపుతాడు. హోటళ్ళకీ ఆసుపత్రులకీ ఉతికిన దుప్పట్ల మూటలు దించి, మాసినవి ఎత్తుకుపోవడం ఇరవై ఆరేళ్ళుగా ఆయన పని. మాసిన గుడ్డల్ని ముందు గుమ్మంలోంచి ఎవరూ పోనివ్వరు కాబట్టి, ఊళ్ళో పెద్ద భవనాలన్నీ ఆయనకి వీపు వైపు నుంచే పరిచయం. పేరున్న హోటల్ ముందు నిలబెడితే ఇదేం భవనం అంటాడు. వెనక సందులో, చెత్త డబ్బాల పక్కన నిలబెడితే ఆ హోటల్ వంటవాడి అల్లుడి ఉద్యోగంతో సహా చెబుతాడు. ఇన్నేళ్ళలో ఎవర్నీ దారి అడిగిన పాపాన పోలేదు. తనకి తానే 'దిక్సూచి' అని బిరుదు కూడా ఇచ్చుకున్నాడు. ఇచ్చేవాళ్ళు ఎవరూ రాకపోతే పాపం మనిషేం చేస్తాడు.

ఆదివారాలు మాత్రం ఆయన రాజు. నడక బృందాన్ని కొండ ఎక్కించి దింపే పెద్దరికం ఆయనది. దానికి జీతం లేదు, ఒక ఎర్రటోపీ ఉంది. బావకి జీతం కన్నా ఆ టోపీయే ఎక్కువ. అలాంటిది పోయిన నెల, పంతొమ్మిదేళ్ళుగా నడిచిన దారిలోనే, చీలిక దగ్గర ఎడమకి తిరగాల్సింది కుడికి తిరిగాడు. బృందమంతా అవతలి వైపు దిగి, ఇటుకల ట్రాక్టర్ మీద ఇంటికి చేరింది. అందులో ఉన్న రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్ బట్టలు దులుపుకుంటూ తీర్పు చెప్పింది. "ఈసారి దారి చూపే జీపీఎస్ యంత్రం తెచ్చుకోండి. అదెలా చెబితే అలా నడవండి. ఇంకోసారి తప్పారంటే టోపీ ఇచ్చేయండి."

అందుకే ఈ రాక.

తమ్ముడు మూడు రకాలు ముందు పెట్టాడు. మొదటిది కారుది. పెద్ద తెర, తియ్యటి గొంతు. కారు ప్లగ్గులోంచి పీకితే గంటలో ప్రాణం వదులుతుంది, వాన చుక్క పడితే అంతకన్నా ముందే వదులుతుంది. రెండోది వాచీలా చేతికి కట్టుకునేది. దాని ధర చెప్పగానే బావ దాన్ని తాకిన వేలు చొక్కాకి తుడుచుకున్నాడు. మూడోది సబ్బుబిళ్ళంత ఉంది. రబ్బరు బటన్లు, అగ్గిపెట్టెంత తెర, రెండు పెన్సిల్ సెల్స్. పాత మోడల్ కాబట్టి చవక.

"వానలో తడిసినా, రాయి మీద పడినా ఏం కాదు. సెల్స్ అయిపోతే ఎక్కడైనా దొరుకుతాయి. రోడ్ల మ్యాప్ కూడా ఎక్కించిస్తాను, వ్యాన్‌లోనూ పనికొస్తుంది," అన్నాడు తమ్ముడు.

"వ్యాన్‌లో మాట్లాడుతుందా?"

"మాట్లాడదు బావా. మలుపు దగ్గర కూస్తుంది."

"అదే ఇచ్చెయ్‌రా," అంది అక్క. "నేను నోరు పెట్టుకుని చెబితేనే వినని మనిషి, పెట్టె మాట్లాడితే మాత్రం వింటాడా."

రేకుల కప్పు కింద సిగ్నల్ అందడం లేదని తమ్ముడు దాన్ని బయట మెట్ల మీదికి తెచ్చి చూపించాడు. "ఇదిగో, 'ఇల్లు' అని ఇక్కడ నొక్కి పెడుతున్నాను. ఇక ఎక్కడున్నా ఈ మెట్ల దగ్గరికి తెస్తుంది. నువ్వు ఇంటికెళ్ళి మళ్ళీ ఇలాగే నొక్కావనుకో, అప్పుడు మీ ఇల్లవుతుంది. అర్థమైందా?"

బావ తల ఊపాడు. బావ తలకీ చెవులకీ సంబంధాలు తెగి చాలా ఏళ్ళయింది.

ఆదివారం తమ్ముడు సరుకు సర్దుకుందామని షాపు తెరిచాడు. మధ్యాహ్నానికి లాండ్రీ వ్యాన్ వచ్చి సరిగ్గా మెట్లకి ఆనుకుని ఆగింది. మోకాళ్ళ దాకా బురదతో, చేతికర్రలతో పదకొండు మంది దిగారు. ముందు హెడ్‌మిస్ట్రెస్.

"ఇదేనా మీ ఇల్లు?" అంది షాపు వైపు చూసి. "బోర్డు బాగుంది."

జరిగిందేమిటంటే, కొండ పైన పొగమంచు కమ్మింది. బావ యంత్రాన్ని 'ఇల్లు' చూపించమన్నాడు, షాపు మెట్ల దగ్గర పెట్టిన గుర్తు మార్చనే లేదు. యంత్రం అందర్నీ చక్కగా కిందికి దింపింది. వ్యాన్ ఎక్కాక కూడా అది కూస్తూనే ఉంది. దాని మాట పూర్తయ్యేదాకా సొంత తెలివి వాడొద్దని హెడ్‌మిస్ట్రెస్ ఆజ్ఞ.

"మా ఇంటి ముందు నుంచే వచ్చాంరా," అన్నాడు బావ నీరసంగా. "మీ అక్క గేటు దగ్గరే ఉంది. అదే మా ఇల్లు మేడమ్ అన్నాను. యంత్రం ఏమంటోంది అందావిడ. నేరుగా అంటోందన్నాను. అయితే నేరుగానే పోనివ్వమంది."

"మాట మీద నిలబడ్డారు. టోపీ మీ దగ్గరే ఉంచుకోండి," అంది హెడ్‌మిస్ట్రెస్. బృందం నవ్వుకుంటూ ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయింది.

తమ్ముడి నాలుక మీద మంచి జోకు సిద్ధంగా ఉంది. ఏడాది పొడవునా వాడుకోదగ్గది. కానీ బావ టోపీ పెట్టుకోలేదు. చేతిలో నలుపుతూ మెట్ల మీద కూర్చున్నాడు.

"ఒరే, చీలిక దగ్గర పొగమంచు లేదురా."

"అంటే?"

"అక్కడికొచ్చేసరికి ఎండ కాస్తోంది. అంతా కనిపిస్తోంది. నా మనసు మళ్ళీ కుడి అంది. ఇది ఎడమ అని కూసింది." సబ్బుబిళ్ళంత ఆ పెట్టెని అరచేతిలో తిప్పి చూసుకున్నాడు. "ఇది చెప్పిందే నిజం."

జోకుని తమ్ముడు మింగేశాడు. పక్కన కూర్చున్నాడు.

"రేపు షాపు మూసేసి నాతో వ్యాన్ ఎక్కు," అన్నాడు బావ. "ముందు గుమ్మాలు దీనికి తెలుసు. వెనక గుమ్మాలు నాకొక్కడికే తెలుసు. నేను చూపిస్తాను, అవి కూడా మర్చిపోకముందే ఒక్కొక్కటే ఇందులోకి ఎక్కించెయ్. మీ అక్కకి మాత్రం చెప్పకు."