ఒక్క పూటలో గేదెకు చదువు

కోపం ఇంకా దిగలేదు, అందుకే రాస్తున్నా.

మా తమ్ముడి కొడుకు శీను గేదెకు దూడ చచ్చిపోయింది. దూడ లేకపోయేసరికి అది పాలు చేపడం, అంటే పొదుగులోకి పాలు దించడం, మానేసింది. "పూటకొకసారి, పాలు తీసే వేళకి బకెట్టు మోగించి వెంటనే దాణా పెట్టరా, కొన్నాళ్లకు ఆ చప్పుడుకే చేపుద్ది" అని చెప్పా. గంట మోగితే కుక్కకు నోరూరే సంగతి నేను బళ్లో చదవలేదు, నరసరావుపేట బస్టాండు దగ్గర కొన్న పాత పుస్తకంలో చదివా. పాఠానికీ పాఠానికీ ఎడం ఉంటేనే జంతువుకు తొందరగా పట్టుబడుద్దని కూడా అందులోనే ఉంది.

ఇవాళ వెళ్లి చూద్దును గదా, శీను పొద్దుటినుంచీ ఆపకుండా బకెట్టు బాదుతూనే ఉన్నాడు. గేదె దాణా తిని తిని మొహం తిప్పేసుకుంది. దాని వీపు నిండా కర్ర వాతలు!

"ఏందిరా ఇది?"

"ఎక్కువసార్లు చేస్తే తొందరగా వచ్చుద్ది గదా పెదనాయనా! దీనికే బుర్ర లేదు. రేపు సంతకు తోలేస్తా."

"పరీక్షకు ముందు రాత్రంతా చదివి ఎన్నిసార్లు తప్పావురా నువ్వు? మీ నాయన నిన్ను సంతకు తోలాడా?"

కర్ర లాక్కుని విరిచేశా. గేదెను తోలుకొచ్చి మా కొట్టంలో కట్టేశా.

సాయంత్రం మా ఆవిడ పాలకని బకెట్టు తీసుకెళ్తే, ఆ చప్పుడుకే గేదె వణికిపోయి గోడకు ఒదిగింది. శీను పాఠం చానా బాగా పట్టింది దానికి: బకెట్టు మోగితే కర్ర పడుద్దని. దీన్ని మరిపించడానికి ఎన్నాళ్లు పడుద్దో, గేదెల్ని సాకినోళ్లు ఎవరన్నా చెప్పండయ్యా.