ముప్పైరెండు సంచులు, ఒక దోసిలి

ఆ రోజుల్లో విశ్వవిద్యాలయంలో పరిశోధన అంటే ఆచార్యులవారొక్కరే చేసేదని లోకం అనుకునేది. మేం లేకపోతే అడుగు పడదని మేం అనుకునేవాళ్ళం. మేమంటే చీట్లు రాసేవాళ్ళం, సంచులు కుట్టించేవాళ్ళం, బళ్ళు మాట్లాడేవాళ్ళం, ఆచార్యులవారు కళ్ళజోడు ఎక్కడ పెట్టి మరిచిపోయారో వెతికి ఇచ్చేవాళ్ళం. కోస్తాలో కొత్తగా వెలిసిన ఆ విశ్వవిద్యాలయంలో ఉద్యోగం దొరికేనాటికి నాకు ఇరవైరెండేళ్ళు. మిషన్ బడిలో అబ్బిన గుండ్రటి చేతిరాత తప్ప వేరే యోగ్యత లేదు. (ఆ బడిలో పంతులు మా నాన్నే. "వీడి బుర్ర సంగతి ఎలా ఉన్నా చెయ్యి మాత్రం బాగుపడింది" అని ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పేవాడు.)

మా ఆచార్యులవారికి కొండపంటలంటే ప్రాణం. అరకు వైపు కొండల్లో పండే చోళ్ళు, సామలు, కొర్రల రకాలన్నీ పోగుచేయించి, విశ్వవిద్యాలయం పెద్దల సభలో చూపించి, ప్రయోగాలకు ఒక మడి ఇమ్మని అడగాలని ఆయన పట్టుదల. మడి ఇస్తే ఆయన పనీ సాగుతుంది, నా ఉద్యోగమూ సాగుతుంది. ఇవ్వకపోతే ఆయన పాఠాలు చెప్పుకుంటారు, నేను మా నాన్న బడికి పోయి పిల్లలచేత దిద్దించుకుంటాను. అందుకని ఎండాకాలంలో నన్ను ముందుగా కొండమీదికి పంపారు. నెల్లాళ్ళు ఊరూరూ తిరిగి ముప్పైరెండు రకాల గింజలు ముప్పైరెండు గుడ్డసంచుల్లో కట్టి, ఒక్కొక్కదానికీ చీటీ తగిలించాను. చీటీ మీద గింజ పేరు, ఊరి పేరు, కింద 'సేకరించినవారు' అని నా పేరు. గింజ పేరు కంటే నా పేరు రెండింతలు పెద్దదిగా ఉండేది. చూసేవాళ్ళ సౌకర్యం కోసమే!

చివరి మజిలీలో ఒక ముసలావిడ ఇంటి అరుగు మీద దిగాను. పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి. ఎప్పుడూ చీట్లు రాస్తూ కనిపిస్తాను కనుక ఆ ఊళ్ళో నాకు 'సీట్లబాబు' అని పేరు స్థిరపడిపోయింది. ఆచార్యులవారు మూడు రోజుల్లో వస్తారనగా, ఆ ఊరి విత్తనాల పండగ వచ్చింది.

"అన్ని ఇళ్ళోళ్ళూ ఇత్తనాలు తల్లికాడికి తెత్తారు బాబూ. నువ్వూ తెత్తావేటి?" అంది పెద్దమ్మ.

అక్కడ ఏం చేస్తారని అడగాలి కదా, అడగలేదు. పిలుపు విశ్వవిద్యాలయానికే అందినట్టు ఉప్పొంగిపోయాను. అంత ఎండలోనూ కోటు తొడుక్కుని, సంచులన్నీ కావిడికెత్తించి, డప్పుల వెనకాల పెళ్ళికొడుకులా నడిచాను.

ఊరి చివర అమ్మవారి రాయి ముందు పెద్ద వెదురుబుట్ట ఉంది. మొదటి ఇంటివాళ్ళు అందులో గింజలు పోశారు. రెండో ఇంటివాళ్ళూ అందులోనే పోశారు. ఇదేమిటా అని నేను ఆలోచించేలోపల ఊరిపెద్ద నాకు చాప వేయించి కూర్చోబెట్టాడు. నన్ను కష్టపెట్టడం ఇష్టంలేక తానే నా సంచులు ఒక్కొక్కటీ విప్పి బుట్టలో గుమ్మరించాడు. ఆపండి అందామంటే డప్పుల మోతలో నా గొంతు నాకే వినిపించలేదు. ముప్పైరెండోది అయ్యాక ఆయన మోచేతి దాకా చెయ్యి పెట్టి అంతా కలిపాడు. తర్వాత ఇంటికో దోసిలి పంచాడు. ఊరి విత్తనమంతా ప్రతి ఇంటికీ కొంచెం చేరాలని వాళ్ళ ఆచారం. నా మొహం చూసి జాలేసిందేమో, బుట్టలో మిగిలినదంతా నా ముందు పెట్టించాడు.

అరుగు మీదికి వచ్చి కూలబడ్డాను. మనిషికి బుద్ధి పోవడానికి ఎంతసేపు? చీట్లు ఉన్నాయి, సంచులు ఉన్నాయి, గింజలూ ఉన్నాయి. బుట్టలోంచి చేతికొచ్చినవి సంచుల్లో నింపి, తోచిన చీటీ తగిలించడం మొదలుపెట్టాను.

"ఏటి సేత్తన్నావు బాబూ?" అంటూ వచ్చి పెద్దమ్మ ఒక సంచిలో చెయ్యి పెట్టింది. "ఇందల సీటీ ఏటంతంది?"

"చోళ్ళు" అన్నాను.

"ఇయ్యి సామలు కలిసిపోయున్నాయి గదా!"

"మా అయ్యగారికి తెలీదులే పెద్దమ్మా."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "మీ అయ్యగారికి తెలీకపోతే మానె. మట్టికి తెలీదేటి?"

చేతిలో ఉన్న చీటీ కింద పెట్టేశాను. ఆవిడ అప్పుడే ఇంట్లోకి కేకేసింది. "బేగి రండే, సేటలట్టుకుని!"

ఇద్దరు కోడళ్ళతో కలిసి రెండు రోజులు చెరిగింది, ఏరింది. ఊరికే చెరగలేదు, ప్రతి గింజ చరిత్రా చెప్పింది. ఈ ఎర్రచోడి రాళ్ళవాలు మీదిది, వాన రెండు వారాలు మొహం చాటేసినా నిలుస్తుంది. ఈ సామ బాలింతల జావకి. ఇది పిట్టలు ముట్టవు. నాకు ఏరడం చేతకాదు కనుక, చేతులు ఊరుకోక, ఆవిడ చెప్పిందల్లా చీట్ల వెనక రాస్తూ కూర్చున్నాను. ఇరవైఏడు రకాలు తేలాయి. మిగతా అయిదూ ఎవరివల్లా కాలేదు.

ఆచార్యులవారు వచ్చారు. జరిగింది దాచకుండా చెప్పేసి, రాజీనామా ఏ మాటలతో రాయాలా అని ఆలోచిస్తూ నిలబడ్డాను. ఆయన చీట్లు తిప్పి తిప్పి చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఏమయ్యా, నెల్లాళ్ళు తిరిగి నువ్వు కనిపెట్టింది నీ పేరొక్కటే. వెనక వైపు రాసింది చూడు, అదీ పరిశోధన" అన్నారు. నా పేర్లు కొట్టేయించి, ఆ ముగ్గురి పేర్లూ నాచేతనే రాయించారు.

దిగివచ్చే రోజున పెద్దమ్మ పండగలో తన వంతుకొచ్చిన దోసిలి గింజలు నా కోటుజేబులో పోసింది. "ఇంటికో దోసిలి బాబూ. మీ పెద్దబడి కూడా ఒక ఇల్లే గదా."

సభవారు మడి ఇచ్చారు. దానిలో ఒక మూల ఆ కలగాపులగం దోసిలి చల్లాం. ఏరలేకపోయిన అయిదు రకాల్లో మూడు అందులో మొలిచాయి. రెండేళ్ళకు ఆచార్యులవారి పుస్తకం అచ్చయింది. కృతజ్ఞతల పేజీలో పెద్దమ్మ పేరు ముందు, కోడళ్ళ పేర్లు తర్వాత. నా పేరు కోసం అట్ట నుంచి అట్ట దాకా మూడుసార్లు వెతికాను. ఆ పూట అన్నం కూడా సరిగా తినలేదు! ఇప్పుడు ఆ పుస్తకం నా బల్ల మీదే ఉంది. అప్పుడప్పుడూ ఆ పేజీ తెరిచి, ఆ మూడు పేర్లనూ అచ్చుకు రాసి పంపిన నా గుండ్రటి దస్తూరీని తలుచుకుంటాను. మా నాన్న మాట నిజమే, ముందు బాగుపడింది చెయ్యే. బుర్ర బాగుపడింది మాత్రం ఆ అరుగు మీదే.