చప్పట్ల కంపు

నా చిన్నప్పుడు నాకు పక్షులంటే అసహ్యం. ఈ మాట చెబితే ఎవరైనా నవ్వుతారు, ఎందుకంటే మా ఊరి చెరువు దగ్గరికి జనం వచ్చేదే పక్షుల కోసం. వాళ్లు ఒక పూట చూసి పోయేవాళ్లు. మేము ఆ కంపులో కాపురం ఉన్నవాళ్లం. చలికి ముందే వచ్చి, నీళ్లలోనే పెరిగే కడప చెట్ల నిండా గూళ్లు కట్టిన, పట్నం వాళ్లు పెలికాన్లనే గూడబాతులు ఎండలు ముదిరేలోగా పిల్లలతో సహా వెళ్లిపోయేవి. అవి ఉన్నన్నాళ్లూ ఆకులు కూడా రెట్టతో తెల్లబడేవి. ఆ రెట్ట కలిసిన నీళ్లే మా మళ్లకు పారేవి. వేరే ఎరువు అక్కర్లేదని మా తాతయ్య మురిసిపోయేవాడు. నాకేమో అన్నం ముందు కూర్చోగానే అదే గుర్తొచ్చి డోకు వచ్చేది.

ఊళ్లో ఒక కట్టుబాటు ఉండేది. పక్షులు ఉన్నన్నాళ్లూ చెరువు దగ్గర డప్పు మోగదు, టపాకాయ పేలదు. పెళ్లి ఊరేగింపు కూడా చెరువు కట్ట దాటేదాకా చప్పుడు లేకుండా నడవాల్సిందే. ఆ మర్యాద చూస్తే నాకు ఒళ్లు మండేది.

ఒక ఫాల్గుణంలో నెల్లూరు నుంచి మా మేనమామ స్నేహితులను కారులో వేసుకొచ్చాడు. తాతయ్య పొలం మీద ఉన్నాడు. వాళ్లు కట్ట మీద కూర్చుని పలావు తిని, ఎంగిలాకులు నీళ్లలోకి విసిరేశారు. పక్షులు కదలకపోయేసరికి వాళ్లకు విసుగు పుట్టింది.

“ఇంత దూరం వస్తే ఒక్కటీ ఎగరదేంది? పాపా, చెట్ల కిందికి పొయ్యి చప్పట్లు కొట్టు, చూద్దాం” అన్నాడు మామ.

కట్టుబాటు నాకు తెలుసు. అయినా పట్నం వాళ్ల ముందు గొప్ప అనిపించుకోవాలనిపించింది. ఈ పీడ వదిలిపోతే మంచిదే అని కూడా అనిపించింది. నీళ్లు తగ్గి బురద తేలిన చోటుకు దిగి చప్పట్లు కొట్టాను. వాళ్లూ కలిశారు.

చెరువంతా ఒక్కసారి లేచింది. బెదిరిన పక్షులు పొట్టలో ఉన్నది కక్కేస్తాయని నాకు తెలియదు. సగం అరిగిన చేపలు, రెట్ట, అన్నీ నా నెత్తిన పడ్డాయి. కట్ట మీద వాళ్లు పగలబడి నవ్వుతూ ఫోటోలు తీసుకున్నారు. ఆ గందరగోళంలో ఒక పిల్ల గూటిలోంచి జారి నా కాళ్ల దగ్గర బురదలో పడింది. సగం ఈకలే వచ్చిన ఒళ్లు, గొంతు కింద వేలాడే తిత్తి. అంత వికారమైన ప్రాణిని నేను మళ్లీ చూడలేదు.

తాతయ్య వచ్చేసరికి కారు వెళ్లిపోయింది. ఆయన నన్ను తిట్టలేదు. పిల్లను తన తువ్వాల్లో చుట్టి నా చేతిలో పెట్టాడు.

“కింద పడినదాన్ని తల్లి సాకదు. నువ్వు పడేసినావు, నువ్వే సాకు. చెరువు ఎండేలోగా ఇది ఎగరాల” అన్నాడు.

రోజూ ఆయన తెచ్చే చిన్న చేపలను నలిపి, ఆ తిత్తిలోకి చెయ్యి పెట్టి తినిపించాను. అందులో సగం నా మీదే కక్కేది. చేతులు ఎంత తోమినా వాసన పోయేది కాదు. మొదటి వారం ఏడుస్తూ చేశాను. తర్వాత ఏడుపు ఎప్పుడు ఆగిందో గుర్తులేదు. నా అడుగుల చప్పుడు వింటే చాలు, అది నోరు తెరిచేది. మెల్లగా దానికి ఈకలు నిండాయి.

చైత్రంలో చెరువు నెర్రెలిచ్చింది. ఒక ఉదయం మిగిలిన గుంపు కూడా లేచి వెళ్లిపోయింది. నాది కట్ట మీద రెక్కలు విప్పి నాలుగడుగులు పరుగెత్తింది. అంతలోనే ఆగి, వెనక్కి తిరిగి, నా దగ్గరికే వచ్చి నోరు తెరిచింది. తర్వాత నాలుగు రోజులకు ఆ ఎండకు తాళలేక చచ్చిపోయింది.

తాతయ్యే గుంత తవ్వాడు. “తల్లివైతే అయినావు గానీ, ఎగరడం నేర్పేదానికి నీకు రెక్కల్లేవు గదమ్మా” అన్నాడు.

ఇప్పుడూ పక్షులొచ్చే రోజుల్లో కార్లు బారులు తీరుతాయి. కట్ట పొడవునా చిప్స్ కవర్లు, ఖాళీ సీసాలు. కంపు అని ముక్కు మూసుకునేదీ వాళ్లే, ఎగరడం లేదని చప్పట్లు కొట్టేదీ వాళ్లే. కర్ర పట్టుకుని వెళ్లి తిడతాను. ముసలిదానికి చాదస్తం అనుకుంటారు, అనుకోనీ.

మొన్న బడిలో మా మనవరాలికి బహుమతి ఇచ్చారు. హాలంతా చప్పట్లు కొట్టింది. “నువ్వెందుకు కొట్టలేదవ్వా?” అని అది ఇంటికొచ్చి అలిగింది. అందరూ కొడుతున్నంతసేపూ నా చేతులు ఒళ్లోనే ఉన్నాయి, వాటినుంచి చేపల కంపు వస్తూనే ఉంది.